పెద్దాసుపత్రి ప్రైవేటు చేతికి వెళ్తే: తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి రుయా ఆసుపత్రి ఓపీ వరసలో, చిత్తూరు పెద్దాసుపత్రి మందుల కిటికీ దగ్గర, మదనపల్లె బస్సులో ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వినబడుతున్నాయి. అందుకే ఒకచోట పెట్టాం. ప్రశ్నలు జనం అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

రుయాని ప్రైవేటోళ్లకి ఇచ్చేస్తారంట కదా, నిజమేనా?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతికి ఒప్పుకున్నది 10 కొత్త వైద్య కళాశాలల విషయంలో. అవి ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల, పెనుకొండ, పాలకొల్లు, అమలాపురం, నర్సీపట్నం, బాపట్ల, పార్వతీపురం. మొదటి విడతలో తీసుకున్నవి ఈ వరసలోని మొదటి నాలుగు. శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న రుయా గానీ, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి గానీ ఆ జాబితాలో లేవు.

అయితే ఈ గొడవ మనది కాదని ఊరుకోవడానికి లేదు. మదనపల్లె మొన్న మొన్నటిదాకా చిత్తూరు జిల్లాలోదే. పుంగనూరు, పీలేరు, తంబళ్లపల్లె వైపు పేదలకు దగ్గరగా ఉండే పెద్ద ఆసుపత్రి అదే. అక్కడ ఏ షరతులతో ఇస్తారో రేపు మిగతాచోట్ల అవే నమూనా అవుతాయి.

అమ్మేయడం, లీజుకివ్వడం, పీపీపీ అన్నీ ఒకటే కదా? పేర్లే వేరు కదా?

ఒకటి కాదు. తేడా తెలియకపోతే మనం అడిగే ప్రశ్న కూడా తప్పిపోతుంది. కింది మెట్టు నుంచి చూద్దాం.

అన్నిటికంటే చిన్నది పనులు అప్పగించడం: పారిశుద్ధ్యం, సెక్యూరిటీ, రోగుల భోజనం. ఇది ఎప్పటినుంచో ఉంది. రెండోది ఒక వైద్య సేవను అప్పగించడం: డయాలసిస్, సీటీ స్కాన్, రక్త పరీక్షలు, 108 అంబులెన్సు. ఆసుపత్రి ప్రభుత్వానిదే, లోపల ఒక గది కంపెనీది. మూడోది నిర్వహణ ఒప్పందం: భవనం, పడకలు ప్రభుత్వానివి, నడిపేది వేరొకరు. నాలుగోది భూమిని దీర్ఘకాలం లీజుకిచ్చి, కట్టడం, డబ్బు పెట్టడం, నడపడం అన్నీ ప్రైవేటుకు వదిలి, గడువు తీరాక తిరిగి తీసుకోవడం. మదనపల్లె లాంటి చోట్ల మాట్లాడుతున్నది ఈ నాలుగోదాని గురించి. అమ్మకం వీటన్నిటికీ అవతలిది. కాగితం మీద భూమి సర్కారుదే కాబట్టి "మేము అమ్మలేదు" అని ప్రభుత్వం అనడం అబద్ధం కాదు. 33 ఏళ్ల లీజుతో ఇంకొకరి చేతిలో ఉండే ఆసుపత్రి మనదెలా అవుతుందని జనం అడగడమూ తప్పు కాదు.

స్విమ్స్‌లో డబ్బు కడతాం, రుయాలో కట్టం. మరి స్విమ్స్ ప్రైవేటా?

కాదు. తిరుపతిలోని స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) 1993లో మొదలైంది. టీటీడీ నిధులతో, చట్టం ద్వారా ఏర్పడ్డ విశ్వవిద్యాలయం. ఎముకల ఆసుపత్రి బర్డ్ కూడా టీటీడీదే. స్విమ్స్‌లో మామూలు రోగుల దగ్గర ఫీజు తీసుకుంటారు. ఎన్టీఆర్ వైద్యసేవ (పేదల చికిత్స ఖర్చు ప్రభుత్వం కట్టే పథకం) కార్డు ఉంటే ప్యాకేజీ కింద చేస్తారు. పేదలకు ప్రాణదానం పథకం ఉంది. లాభం పంచుకునే వాటాదారులెవరూ లేరు. డబ్బు కట్టించుకున్నంత మాత్రాన ఆసుపత్రి ప్రైవేటు కాదు. డబ్బు కట్టించుకోనంత మాత్రాన సర్కారుదీ కాదు. మిగిలిన సొమ్ము ఎటు పోతోంది, నిర్ణయం ఎవరిది అన్నవే చూడాలి.

మనోళ్లకి పెద్ద రోగమొస్తే రాయవేలూరు పోతారు. సీఎంసీ కూడా ప్రైవేటే కదా. మరి ప్రైవేటంటే భయమెందుకు?

మంచి ప్రశ్న. చిత్తూరు నుంచి గంట ప్రయాణం కాబట్టి మూడు తరాలుగా మనవాళ్లు అక్కడికే పోతున్నారు. 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క పడకతో మొదలుపెట్టిన మిషను ఆసుపత్రి సీఎంసీ (వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ). లాభాపేక్ష లేనిది. కట్టగలిగినవాళ్ల ఫీజుతో కట్టలేనివాళ్లకు వైద్యం చేస్తుంది, మిగిలింది మళ్లీ ఆసుపత్రిలోనే పెడుతుంది.

పీపీపీ టెండరులో పాల్గొనే సంస్థ లెక్క వేరు. పెట్టిన పెట్టుబడికి, బ్యాంకు వడ్డీకి, వాటాదారుల లాభానికి సరిపడా రాబడి రావాలి. అందులో మోసమేమీ లేదు, దాని పద్ధతే అది. ఆ రాబడి ఎవరి దగ్గర్నుంచి వస్తుందో ఒప్పందంలో తేలాలి. ఇంకో మాట: సీఎంసీ అంత దగ్గరున్నా, రాత్రి పన్నెండుకు పాము కరిచి పలమనేరు నుంచి వచ్చేవాడికి జేబులో రూపాయి లేకున్నా చేర్చుకోవాల్సిన బాధ్యత మన సర్కారు ఆసుపత్రిదే. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఆ బాధ్యత తప్పించుకోలేదని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వాసుపత్రి సకాలంలో అత్యవసర వైద్యం ఇవ్వకపోతే రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కును భంగపరిచినట్టే అంది.

సర్కారాసుపత్రి సరిగ్గా లేదనే కదా ప్రైవేటుకిస్తామంటున్నారు. అందులో తప్పేముంది?

సరిగ్గా లేదన్నది నిజం. ఒక్క మంచం మీద ఇద్దరు, బయట కొనుక్కోమని రాసిచ్చే మందుల చీటీ, పాడైన లిఫ్టు అందరం చూస్తున్నవే. వాటిని వెనకేసుకొచ్చి ఎవరూ వాదించనక్కర్లేదు.

కానీ ఎందుకు సరిగ్గా లేదో విడదీసి చూడండి. నిపుణుల పోస్టులు ఖాళీగా ఉండటం, మందుల బిల్లులు ఆలస్యం కావడం, కింది ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు లేక మామూలు కాన్పు కేసులు కూడా తిరుపతికి తోసేయడం. ఈ మూడూ డబ్బు, నియామకం, పర్యవేక్షణలకు సంబంధించినవి. యాజమాన్యం మారితే వాటంతటవి సర్దుకోవు. నియామకం వేగంగా చేయగలగడం ప్రైవేటుకున్న నిజమైన బలం. జీతం బేరమాడి వారంలో డాక్టరును తెచ్చుకోగలదు. పరికరం పాడైతే టెండరు పిలవకుండా బాగు చేయించుకోగలదు. ఈ వెసులుబాటు ప్రభుత్వ సూపరింటెండెంటుకు ఇస్తే ఎంత మారుతుందో ముందు చూడకుండా ఆసుపత్రినే అప్పజెప్పడం తొందరపాటని మా అభిప్రాయం.

ఖర్చు సంగతి కూడా చూడాలి. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే దేశంలో సగటున అయిన వైద్య ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఏడు రెట్లు.

ప్రైవేటు కాలేజీకి సొంత ఆసుపత్రి కట్టుకునే స్తోమత ఉంటుంది కదా. మన జిల్లా ఆసుపత్రే ఎందుకు కావాలి?

భవనం కోసం కాదు, రోగుల కోసం. 2023 జాతీయ వైద్య కమిషన్ ప్రమాణాల ప్రకారం 150 ఎంబీబీఎస్ సీట్లకు 605 పడకలు కావాలి. అవి 80 శాతం నిండి ఉండాలి. కొత్తగా కట్టిన ప్రైవేటు ఆసుపత్రిలో అన్ని పడకలు నింపడం చాలా కష్టం. ఉచితంగా వైద్యం చేస్తూ, అరవై డెబ్బై ఏళ్లుగా జనం నమ్మి వస్తున్న జిల్లా ఆసుపత్రిలో అవి మొదటిరోజు నుంచే నిండి ఉంటాయి. విద్యార్థి నాడి పట్టి నేర్చుకునేది ఆ రోగి దగ్గరే. ఆసుపత్రికున్న అసలు ఆస్తి ఆ నమ్మకం. లీజు లెక్కల్లో ఎకరాకు ఇంత అని రాస్తారు గానీ దీనికి వెల కట్టరు.

చిత్తూరు జిల్లా ప్రధాన ఆసుపత్రిని ఒక ప్రైవేటు వైద్య కళాశాల బోధనకు వాడుకునే ఏర్పాటు ఈ కారణంతోనే వచ్చింది. నీతి ఆయోగ్ 2020 జనవరిలో ఇదే పద్ధతికి దేశం మొత్తానికీ ఒక ముసాయిదా పథకం విడుదల చేసింది.

## ఒప్పందం రాసే దశలో

70 శాతం పడకలు ఉచితం, ఓపీ ఉచితం అంటున్నారు. ఇంకేం కావాలి?

"ఉచితం" అన్న మాటకు ఒప్పందంలో ఏ అర్థం రాశారో చూడాలి. రెండు అర్థాలున్నాయి. రోగి కట్టడు, సంస్థే భరిస్తుంది అన్నది మొదటిది. రోగి కట్టడు, ఎన్టీఆర్ వైద్యసేవ నుంచి ప్రభుత్వం కడుతుంది అన్నది రెండోది. ఇలాంటి ఒప్పందాల్లో దాదాపు ఎప్పుడూ ఉండేది రెండోదే. అంటే ఆ పడక ఖర్చు మన పన్నుల్లోంచే పోతుంది. ఇప్పుడు రుయా లాంటి ఆసుపత్రి వైద్యసేవ కింద చేసిన ఆపరేషన్ డబ్బు తిరిగి ఆసుపత్రి ఖాతాకే వచ్చి, పరికరాలకూ సిబ్బంది ప్రోత్సాహకాలకూ పోతుంది. చేతులు మారితే ఆ రాబడి కంపెనీకి పోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. వైద్యసేవలో జాబితాలో ఉన్న చికిత్సలకే డబ్బు వస్తుంది. జాబితాకు సరిపోని కేసులు చాలా ఉంటాయి: రోగమేదో తేలక మూడు రోజులు పరీక్షల కోసం పడుకోవాల్సిన వృద్ధుడు, ఆధార్ గానీ కార్డు గానీ లేని యాత్రికుడు, తమిళనాడు సరిహద్దు నుంచి వచ్చిన కూలీ. సర్కారు ఆసుపత్రిలో వీళ్లకూ ఓ మంచం దొరుకుతుంది. 70 శాతంలో వీళ్లు ఉన్నారా లేదా అన్నది ఒక్క వాక్యంతో తేలుతుంది. ఆ వాక్యం రాయించాలి.

బిల్లులు ఆగితే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని రాష్ట్రంలో ప్రైవేటు నెట్‌వర్కు ఆసుపత్రులు వైద్యసేవ చికిత్సలు ఆపేశాయి. ఆ రోజుల్లో రోగులు వచ్చిపడింది ప్రభుత్వాసుపత్రుల మీదే. జిల్లాకున్న ఒక్క పెద్దాసుపత్రీ బకాయిల కోసం తలుపులు మూస్తే వాళ్లు ఎక్కడికి పోవాలి? బకాయి ఉన్నా సేవ ఆపకూడదన్న షరతు, ఆలస్యానికి ప్రభుత్వం వడ్డీ కట్టాలన్న షరతు రెండూ జంటగా ఉండాలి. ఒకటే ఉంటే నిలవదు.

ఒప్పందం వందల పేజీలుంటుంది. ముందు ఏవి చదవాలి?

మొదటి 30 పేజీల పీఠిక వదిలేయండి. నేరుగా వెనకున్న షెడ్యూళ్లకు వెళ్లండి. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది.

పడకల షెడ్యూలులో ఉచిత పడకలు, డబ్బు కట్టే పడకలు విభాగాలవారీగా రాశారా, మొత్తం మీద శాతమే రాశారా చూడండి. మొత్తం మీద 70 శాతమని ఉంటే జనరల్ వార్డంతా ఉచితం చేసి, ఐసీయూ మొత్తం డబ్బు వార్డుగా ఉంచినా లెక్క సరిపోతుంది. ఐసీయూ, నవజాత శిశు విభాగం, డయాలసిస్‌లలో విడివిడిగా అదే శాతం ఉండాలి.

తర్వాత పనితీరు కొలమానాలు, జరిమానాలు. "మెరుగైన సేవలు అందించవలెను" అన్న వాక్యంతో ఎవరి మీదా జరిమానా వేయలేం. అత్యవసర విభాగంలో ఎన్ని నిమిషాల్లో డాక్టరు చూడాలి, రాత్రిపూట ఏ నిపుణులు ఆసుపత్రిలోనే ఉండాలి, ఉచిత మందుల జాబితాలో ఎన్ని నిండుకుంటే తప్పు అన్నవి అంకెల్లో ఉండాలి. జరిమానాకు ఏడాదికి ఇంత శాతమనే గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది మరీ తక్కువైతే జరిమానా కట్టి సేవ ఎగ్గొట్టడమే లాభసాటి.

చివరగా కొలిచేదెవరు? కంపెనీ తన పనితీరు తానే రాసి పంపే పద్ధతి ఉంటే మిగతా పేజీలన్నీ వృథా.

33 ఏళ్లంటున్నారు. బాగా చేయకపోతే మధ్యలో వెనక్కి తీసుకోలేమా?

తీసుకోవచ్చు. ఖరీదు ఎక్కువ. అంత గడువు పెట్టేది బ్యాంకు అప్పు తీరి లాభం రావడానికి సమయం పడుతుందని. పొడిగింపు కూడా ఇస్తే 66 ఏళ్లవుతుంది. అంటే ఇవాళ పుట్టిన బిడ్డ ముసలితనం దాకా. ఇలాంటి ఒప్పందాల్లో రద్దు చెల్లింపు అనే నిబంధన ఉంటుంది. తప్పు కంపెనీదే అయినా, అప్పిచ్చిన బ్యాంకులకు మిగిలిన బాకీలో పెద్ద వాటా ప్రభుత్వం కట్టాల్సి రావొచ్చు. ఆపై మధ్యవర్తిత్వం ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ప్రభుత్వాలు రద్దు జోలికి పోవడానికి వెనకాడతాయి.

పనికొచ్చేది తాత్కాలిక స్వాధీన హక్కు: సేవ ఆగిపోతే కోర్టు తీర్పు కోసం చూడకుండా 24 గంటల్లో కలెక్టరు ఆసుపత్రిని చేతుల్లోకి తీసుకుని నడపగలగడం. ఐదేళ్లకోసారి సమీక్ష, ఆ నివేదిక ప్రజల ముందు పెట్టడం, పొడిగింపు దానంతటదే రాకుండా చూడటం కూడా రాయించుకోవాలి.

ప్రభుత్వానికి రూపాయి ఖర్చు లేదంట కదా?

అలా ఉండటం అరుదు. కేంద్ర ప్రభుత్వ వయబిలిటీ గ్యాప్ నిధిని (గిట్టుబాటు కాని ప్రాజెక్టు లోటు పూడ్చే సాయం) 2020 నవంబరులో సవరించారు. సామాజిక రంగ పీపీపీలకు ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం 30 శాతం దాకా, రాష్ట్రం మరో 30 శాతం దాకా ఇవ్వొచ్చు. వైద్య, విద్యా రంగాల ప్రయోగాత్మక ప్రాజెక్టులకైతే నిర్మాణంలో చెరి 40 శాతం, మొదటి ఐదేళ్ల నిర్వహణలో చెరి 25 శాతం దాకా వీలుంది. దీనికి నామమాత్రపు లీజుకిచ్చిన భూమి, వైద్యసేవ చెల్లింపులు కలపండి. ఏ ప్రాజెక్టుకు ఇందులో ఎంత తీసుకున్నారో విడిగా అడగాలి. అడగకుండా "పైసా ఖర్చు లేదు" అన్నా, "అంతా దోచిపెట్టారు" అన్నా గాలిమాటే.

పిల్లకి మెడిసిన్ సీటు సంగతేంటి? పీపీపీ అయితే ఫీజు పెరుగుతుందా?

సర్కారు కాలేజీల్లో డబ్బు సీట్లు పీపీపీతో కొత్తగా మొదలవలేదు. 2023 జులైలో ఇచ్చిన 107, 108 జీవోల్లోనే కొత్త ప్రభుత్వ కళాశాలల్లో 50 శాతం సీట్లు మామూలు ఫీజుకు (ఏడాదికి 15,000), 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ కింద 12 లక్షలకు, 15 శాతం ఎన్నారై కోటాలో 20 లక్షలకు పెట్టారు. పార్టీల వాదన పక్కన పెట్టి చూస్తే ఇది రెండు ప్రభుత్వాలూ నడిచిన దారే. పీపీపీలో తేడా ఏమిటంటే ఆ ఫీజు కాలేజీ ఖాతాకు కాక సంస్థకు పోతుంది.

ఇంతకుముందు ఎక్కడైనా ఇట్లా చేశారా? ఏమైంది?

మనకు దగ్గరలోనే రాయచూరు. పెట్రోలు ఎగుమతి దేశాల నిధి సాయంతో కర్ణాటక ప్రభుత్వం అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టి, నిర్వహణ ఒక కార్పొరేటు సంస్థకిచ్చింది. గడువు ముగిశాక పొడిగించకుండా 2012లో తానే తీసుకుంది. గుజరాత్‌లోని భుజ్ జిల్లా ఆసుపత్రి 2009 నుంచి ఒక పారిశ్రామిక సంస్థ వైద్య కళాశాల కింద నడుస్తోంది. నీతి ఆయోగ్ ముసాయిదాకు ఆధారమైన అనుభవాల్లో అదొకటి.

ఢిల్లీది అందరూ తెలుసుకోవాల్సిన కథ. నామమాత్రపు లీజుకు 15 ఎకరాలిచ్చి, ప్రభుత్వం 26 శాతం వాటా కూడా పెట్టి కట్టించిన ఆసుపత్రిలో మూడో వంతు పడకలు పేదలకు ఉచితమని రాసుకున్నారు. ఆ షరతు అమలు కోసం హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది, 2009లో తీర్పు వచ్చింది. 2025 మార్చిలో కూడా సుప్రీంకోర్టు అదే విషయం మీద తనిఖీ చేయమంది. ఒప్పందంలో వాక్యం చక్కగానే ఉంది. దాన్ని రోజూ చూసే మనిషే లేడు.

## చేతులు మారాక, రోజువారీ పనిలో

డయాలసిస్ ఎప్పటినుంచో ప్రైవేటు వాళ్లదే కదా. బాగానే నడుస్తోంది కదా?

చాలాచోట్ల నడుస్తోంది, ప్రాణాలు నిలబెడుతోంది. ఒక్క సేవను అప్పగిస్తే ఎలా ఉంటుందో, ఎక్కడ కన్నేసి ఉంచాలో నేర్చుకోవడానికి ఇదే మంచి పాఠం.

ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలైంది. స్థలం, కరెంటు, నీళ్లు ఆసుపత్రివి. యంత్రాలు, ఆర్వో ప్లాంటు, టెక్నీషియన్లు సంస్థవి. ప్రభుత్వం ఒక్కో విడతకు ఇంత అని కడుతుంది. విడత అంటే నాలుగు గంటలు. నిమిషానికి అర లీటరు చొప్పున ఒక్క రోగికి 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. మన జిల్లాల్లో బోరు నీళ్లు ఎంత గట్టివో టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆ పొరే ఆర్వో మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే తెర) మీదా పడుతుంది. నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు వేళకు వేయకపోతే మెంబ్రేన్ త్వరగా పోతుంది. కార్బన్ ఫిల్టరు మార్చకపోతే క్లోరిన్ దిగి రోగి ఎర్రకణాలు పగులుతాయి. ట్యాంకు, పైపులు క్రమం తప్పకుండా శుద్ధి చేయకపోతే బ్యాక్టీరియా విషం చేరి, సగంలో రోగికి ఒక్కసారిగా చలిజ్వరం వస్తుంది. ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి అలా వణుకు వచ్చిందంటే ముందు నీటిని అనుమానించాలి.

విడతకు ఇంతని కట్టే పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది. నాలుగు గంటలది మూడున్నరకు కుదిస్తే రోజుకు ఇంకో షిఫ్టు ఇరికించడం తేలికవుతుంది. కాబట్టి మీ మనిషికి యంత్రం పెట్టిన వేళ, తీసిన వేళ, ముందు బరువు, తర్వాత బరువు ఒక నోటుబుక్కులో ప్రతిసారీ రాసుకోండి. నీటి కల్చర్ పరీక్ష (బ్యాక్టీరియా ఉందేమో చూసేది) నెలనెలా చేస్తున్నారా అని అడగండి. ఫలితం గోడకు అంటించమనండి.

రక్త పరీక్షలు బయటి ల్యాబుకు పంపుతున్నారు. రిపోర్టు నమ్మొచ్చా?

యంత్రం మంచిదే ఉంటుంది. తప్పు ఎక్కువగా దారిలో జరుగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉదయం తొమ్మిదికి తీసిన రక్తం, మధ్యాహ్నం బండి వచ్చి, సాయంత్రానికి తిరుపతి చేరిందనుకోండి. కణాలు వేరు చేయని రక్తంలో అవి చక్కెరను తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఎండాకాలం ఇంకా వేగం. ఆరేడు గంటల తర్వాత షుగరు ఉన్నవాడికీ లేనట్టే రావొచ్చు. అందుకే షుగరుకు ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలోనే తీయాలి. ఎర్రమూత గొట్టంలో తీస్తే అక్కడే చెప్పండి. పొటాషియం సంగతి తిరగబడి ఉంటుంది. కుదుపులకు కణాలు పగిలితే లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా పొటాషియం ఎక్కువ వస్తే చికిత్సకు ముందు మళ్లీ తీయించాలి.

ఒప్పందంలో సరిచూడాల్సింది: పరీక్షకు ఇంతని కడితే పరీక్షల సంఖ్య పెరుగుతుంది. రోగికి ఇంతని కడితే తగ్గుతుంది. రెంటిలో ఏది పెట్టినా, వందకు కొన్ని శాంపిళ్లను ప్రభుత్వ వైద్య కళాశాల ల్యాబులో మళ్లీ చేసి పోల్చే ఏర్పాటు తప్పనిసరి.

పరికరాలు 95 శాతం పనిచేస్తున్నాయని రాస్తారు. మరి మేం పోయినప్పుడల్లా స్కానింగు పనిచేయదెందుకు?

ఆ 95 శాతం సగటు కావడం వల్ల. వెయ్యి వస్తువుల్లో బీపీ యంత్రాలు, తూకాలు, సక్షన్ యంత్రాలే ఎక్కువ. అవన్నీ పనిచేస్తుంటే, ఉన్న ఒక్క సీటీ నెలంతా మూలపడ్డా సగటు కదలదు. పెద్ద యంత్రాలకు విడివిడిగా, ఫిర్యాదు నమోదైన గంట నుంచి లెక్కగట్టి జరిమానా ఉండాలి. పరికరాల విలువలో ఇంత శాతమని నిర్వహణ ఫీజు కట్టే ఒప్పందాల్లోనైతే మొదట జాబితానే తనిఖీ చేయాలి. తుక్కుకు పోయిన యంత్రం కూడా కాగితం మీద బతికి ఉంటే దానికీ ఫీజు పోతుంది.

పోస్టుమార్టం, గాయాల సర్టిఫికెట్, సదరం క్యాంపు ఎవరు చేస్తారు?

ఇవి కోర్టుకూ పింఛనుకూ సంబంధించిన పనులు. మామూలుగా ప్రభుత్వ డాక్టరే సంతకం చేస్తాడు, చేశాక సాక్ష్యం చెప్పాలి. ఆసుపత్రి చేతులు మారేచోట ఇందుకోసం ప్రభుత్వ వైద్యులు ఎంతమంది మిగులుతారో, మార్చురీ ఎవరి కింద ఉంటుందో ఒప్పందంలో పేరు పెట్టి రాయాలి. రాయకపోతే శవం పెట్టుకుని బంధువులు రెండు ఆఫీసుల మధ్య తిరగాల్సి వస్తుంది. శవాన్ని ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు కూడా అంతే. బయట అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇవ్వలేని కుటుంబానికి ఆ ఉచిత బండి ఎంత అవసరమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడున్న నర్సులు, పారిశుద్ధ్య సిబ్బంది ఉద్యోగాలు పోతాయా?

రెగ్యులర్ ఉద్యోగులను తీసేయరు. డెప్యుటేషన్ మీద ఉంచుతారు, లేదా వేరే ఆసుపత్రికి మారుస్తారు. దెబ్బ తగిలేది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు వాళ్లకు. రోగి వైపు నుంచి చూడాల్సింది ఒక్కటే: ఒక్కో షిఫ్టులో వార్డుకు ఎంతమంది నర్సులు. ఖర్చు తగ్గించాలనుకున్నవాళ్లు ముందు కోసేది అక్కడే.

ఆక్సిజన్ లాంటివి కంపెనీలే ఇస్తాయి కదా, దానికీ దీనికీ సంబంధమేంటి?

2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులే ప్రకటించారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది. ఆ రాత్రి ఆసుపత్రి సర్కారుది, సరఫరా ప్రైవేటుది. తప్పెవరిదన్న వాదన వచ్చింది గానీ, ఆ కొద్ది నిమిషాల్లో పనికొచ్చేది నిండు సిలిండర్ల వరసే. ప్రాణాధారమైన సరఫరా ఎవరి చేతిలో ఉన్నా, ట్యాంకులో మట్టం ఎంతకు దిగితే ఎవరికి ఫోను పోవాలి, ప్రత్యామ్నాయ సిలిండర్లు ఎన్ని గంటలకు సరిపడా ఉండాలి, రాత్రి వాల్వు తిప్పేది ఎవరు అన్నవి పేర్లతో సహా రాసి గోడకు ఉండాలి.

## తేడా వస్తే

ఉచితమని చేర్చుకుని బిల్లు వేస్తే ఏం చేయాలి?

డబ్బు కట్టే ముందు అక్కడే ఉండే వైద్యమిత్ర దగ్గరికి వెళ్లి, కేసు ప్యాకేజీ కింద నమోదైందో లేదో చూపించమనండి. 104కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అయినా కట్టక తప్పకపోతే రసీదు లేకుండా ఒక్క రూపాయీ ఇవ్వొద్దు. రసీదు మీద "దేనికి" అన్నది రాయించండి. "ఇతరములు" అని రాస్తే ఒప్పుకోవద్దు. డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, రసీదుల జిరాక్సులతో సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1100కు ఫోను చేసి కూడా నమోదు చేయించొచ్చు.

రోడ్డు ప్రమాదం కేసైతే 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఏ ఆసుపత్రిలోనైనా 7 రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేని చికిత్స ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వమైనా ప్రైవేటైనా ప్రతి ఆసుపత్రీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం.

సర్కారాసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు పోలేమంటారు. పీపీపీ అయితే పోవచ్చా?

పోవచ్చు. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో, ఉచితంగా చూపించుకున్న రోగి కూడా వినియోగదారుడే. డబ్బు పడకలున్న పీపీపీ ఆసుపత్రికి ఇది వర్తిస్తుంది. జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు వేయాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు గానీ కేసు షీటు తప్పనిసరి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. అర్జీ రాతపూర్వకంగా పెట్టండి.

ఆర్టీఐ వేస్తే "వాణిజ్య రహస్యం" అని తిప్పిపంపుతున్నారు. ఎట్లా అడగాలి?

"ప్రైవేటీకరణ వివరాలు ఇవ్వండి" అంటే ఏమీ రాదు. కాగితం పేరు పెట్టి అడగాలి. అర్జీ ప్రభుత్వ శాఖ ప్రజా సమాచార అధికారికి వేయండి, కంపెనీకి కాదు. ప్రభుత్వం తన అధికారంతో తెప్పించుకోగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా చట్టంలోని 2(ఎఫ్) కిందికి వస్తుంది. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయిలో లేదు. ఇలా రాయండి:

"సమాచార హక్కు చట్టం, 2005 కింద కింది పత్రాల నకళ్లు ఇవ్వగలరు. 1) సంతకమైన కన్సెషన్ ఒప్పందం, అన్ని షెడ్యూళ్లతో. 2) గత 12 నెలల్లో విభాగాలవారీగా ఉచిత పడకలు, డబ్బు పడకలు, వాటిలో చేరిన రోగుల సంఖ్య. 3) గత 12 నెలల పనితీరు నివేదికలు, వాటిని ధ్రువీకరించిన అధికారి హోదా. 4) విధించిన జరిమానాలు, వసూలైన తేదీలు. 5) సంస్థకు చెల్లించిన మొత్తాలు, పద్దులవారీగా. ఏదైనా భాగం మినహాయింపు కిందికి వస్తే సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వగలరు."

చివరి వాక్యం మర్చిపోవద్దు. వాణిజ్య రహస్యాలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(డి) చూపించి మొత్తం తిరస్కరించడానికి అది అడ్డుపడుతుంది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వాణిజ్య రహస్యం కూడా ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అర్జీ రిజిస్టరు పోస్టులో పంపి, అక్‌నాలెడ్జిమెంటు కార్డు దాచుకోండి. గడువు లెక్క మొదలయ్యేది దానిమీదున్న తేదీ నుంచే.